చిన్న గది, పెద్ద క్లాసు: పన్నెండు వారాల సపోర్ట్ సర్వీసు మీద ఒక క్లాస్ టీచర్ రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర. మొదటి వారం అడిగుంటే ఐదు ఇచ్చేదాన్ని. ఐదో వారం అడిగుంటే ఒకటి ఇవ్వడానికి కూడా చెయ్యి వచ్చేది కాదు. పన్నెండు వారాలూ అయిపోయి, పిల్లల నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నాక తేలిన లెక్క ఇది. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి, అమ్మేటప్పుడు అందరూ చెప్పే మాటలు దాదాపు ఒకటే. నేను చెప్పేది ఏ సంస్థకు సంతకం పెట్టే ముందయినా పనికొస్తుంది.

సర్వీసు ఏమిటంటే, చదువులో వెనకబడ్డ పిల్లల్ని బడి టైములోనే, బడిలోనే ఒక గదిలో చిన్న గుంపుగా కూర్చోబెట్టి సాయం చేయడం. వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ వారానికి మూడు రోజులు వస్తుంది, ఒక్కో గుంపుకి అరగంట. నేను నాలుగో తరగతి క్లాస్ టీచర్ని, పదిహేడేళ్లుగా ఇదే పని. ఈ ఏడాది నా క్లాసులో 36 మంది. లెక్కల గుంపుకి నలుగురు వెళ్లారు, చదవడానికి ముగ్గురు. ఒకడు రెండింటిలోనూ ఉన్నాడు కాబట్టి మొత్తం తలలు ఆరు.

మొదట నాకు ఇది ఇష్టం లేదు, ఆ సంగతి దాచను. నా పిల్లలకి ఇంకెవరో వచ్చి చెప్పడమేంటి అనిపించింది. పైగా డెమోకి వచ్చినాయన మాటలు మరీ తియ్యగా ఉన్నాయి. వాళ్ల బ్రోషరు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా పరిశోధకుడి పేరు, కింద 98 అనే అంకె. 1984లో బ్లూమ్ రాసిన పేపర్ అది. ఒక్కో పిల్లవాడికి విడిగా ట్యూటర్‌ని పెట్టి చెప్తే, అందులో సగటు విద్యార్థి మామూలు క్లాసులోని 98 శాతం మందిని దాటిపోయాడని అందులో ఉంది. నిజమే, ఉంది. కానీ తర్వాత జరిగిన పరిశోధనల్లో అంత పెద్ద తేడా మళ్లీ కనిపించలేదు. ట్యూటరింగ్ వల్ల మేలు జరుగుతుందన్నది నిలబడింది, ఆ కొండంత అంకె నిలబడలేదు. ఇంకో సంగతి, ఆ పేపర్‌లో బ్లూమ్ వెతికిందే వేరు. ఒక్కొక్కరికీ ట్యూటర్‌ని పెట్టడం ఏ సమాజానికీ తాహతు కాదు, మరి అంత ఫలితం గుంపుకి చెప్పే పాఠంలో ఎలా రాబట్టాలి అన్నదే ఆయన ప్రశ్న. అంటే ఆ పేపర్ నాకోసం రాసింది, క్లాస్ టీచర్ కోసం. వీళ్లు దాన్ని తమ గదికి బోర్డు చేసుకున్నారు. ఈ మాట డెమోలో అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

ఇంకో కాగితం కూడా ఇచ్చారు. మీ విద్యార్థి చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అని ఇరవై ప్రశ్నలు. ఇది చూడగానే నాకు ఒళ్లు మండింది. 2008లో పాష్లర్, ఆయనతో ఇంకో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రకాల గోలనంతా వరసపెట్టి పరిశీలించి, పిల్లల్ని ఇలా రకాలుగా విడదీసి చెప్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఆ ఫారాలు నింపకుండానే వెనక్కి పంపాను. ఎవరూ అడగలేదు కూడా. అంటే వాళ్లకూ అది అలంకారమేనన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటి వారం.

పిల్లల్ని ఎంచడానికి మార్కుల జాబితా ఇస్తానన్నాను. ఇన్‌స్ట్రక్టర్ వద్దంది. చిన్న వయసే, ముప్పై కూడా ఉండవేమో. "మార్కులు తర్వాత చూస్తాను మేడం, ముందు వాళ్లు చేసిన తప్పులు కావాలి" అంది. క్లాసు మొత్తానికీ ఇరవై నిమిషాల పరీక్ష పెట్టింది. తర్వాత స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని, మూడో బెంచీ పిల్లాడి కాగితం నా ముందుకి జరిపింది. 52లోంచి 27 తీస్తే 35 అని రాశాడు. 84లోంచి 39 తీస్తే 55. 61లోంచి 28 తీస్తే 47. 70లోంచి 46 తీస్తే 36. 68లోంచి 23 తీసిన లెక్క మాత్రం కరెక్టు.

నేను అలవాటుగా "వీడికి తీసివేతలు రావండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు, వాదించనూ లేదు. "చూడండి మేడం, ఒక్కటి కూడా ఇష్టమొచ్చినట్టు వేసింది కాదు" అంది. మళ్లీ చూశాను. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, వాడు ఏడులోంచి రెండు తీసేశాడు. తొమ్మిదిలోంచి నాలుగు, ఎనిమిదిలోంచి ఒకటి, ఆరులోంచి సున్నా. ప్రతి గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె. వాడికి ఒక నియమం ఉంది, దాన్ని తప్పకుండా పాటిస్తున్నాడు. నియమమే తప్పు. అప్పు అవసరం లేని లెక్కలో ఆ తప్పు బయటపడదు, అందుకే అది కరెక్టయింది.

మూడు నెలలుగా నేను ఆ లెక్కల మీద ఎర్ర ఇంటూలు పెట్టి, కింద 'ప్రాక్టీస్ చెయ్యి' అని రాస్తున్నాను. వాడు చేశాడు పాపం. తప్పు నియమాన్నే ప్రాక్టీస్ చేసి చేసి ఇంకా గట్టిపరుచుకున్నాడు. ఇలాంటి పద్ధతైన తప్పుల మీద జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు 1978లోనే పరిశోధన చేశారట. కంప్యూటర్ ప్రోగ్రాములో దొరికే తప్పుల్లాగే వీటినీ బగ్గులన్నారు. నేను ట్రైనింగులో చదివే ఉంటాను, పరీక్ష రాసి మర్చిపోయుంటాను. ఆ సాయంత్రం పాత నోట్‌బుక్కులన్నీ తిరగేశాను. ఒక్కో పిల్లవాడి ఎర్ర ఇంటూల్లో ఒక్కో వరస కనిపించడం మొదలైంది. ఒకమ్మాయికి సున్నా వస్తేనే తప్పు, ఇంకొకడు అప్పు తెస్తాడు కానీ పక్క అంకెని తగ్గించడు. ఈ ఒక్క సాయంత్రానికే రెండు స్టార్లు ఇచ్చేయొచ్చు.

అదే పరీక్షలో ఇంకోటి కూడా తేలింది. అప్పు లెక్కల్లో తప్పు చేసినవాళ్లు నలుగురు కాదు, పదిహేను మంది. నేను వెంటనే, అయితే ఇంకో రెండు గుంపులు పెడదామా అనడిగాను. సర్వీసు అమ్ముకునే మనిషయితే ఎగిరి గంతెయ్యాలి. ఈ అమ్మాయి మాత్రం, "36లో పదిహేను మంది తప్పు చేస్తే అది నా గదికి పంపే సమస్య కాదు మేడం" అని ఊరుకుంది. మిగతా వాక్యం నేనే పూరించుకోవాలి. పూరించుకున్నాను, కోపం వచ్చింది. ఐదు వారాలపాటు ఆ మాటని పక్కన పెట్టేశాను.

ఈ రంగంలో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్తుంటారు. వందమందిలో 80 మందికి క్లాసులో చెప్పే పాఠమే సరిపోవాలి, ఓ 15 మందికి పాఠంతోపాటు చిన్న గుంపు సాయం కావాలి, మిగిలిన 5 మందికి విడిగా ఇంకా గట్టిగా చెప్పాలి. మూడు మెట్లు. ఎక్కడా అచ్చు ఇలాగే ఉండాలని లేదు. కానీ కింది మెట్టు మీద నిలబడాల్సినవాళ్లంతా రెండో మెట్టు మీద కిక్కిరిసి ఉంటే, రెండో మెట్టుని వెడల్పు చేయడం మందు కాదు.

ఇప్పుడు చిన్న గది గురించి. రెండోవారం ఒకరోజు నా పీరియడ్ ఖాళీ ఉంటే వెళ్లి వెనక కూర్చున్నాను. నలుగురు పిల్లలు, పుల్లలు, రబ్బరు బ్యాండ్లు. పదేసి పుల్లలు ఒక కట్ట. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. "నాకు ఇరవై ఏడు ఇవ్వు" అంది. వాడు రెండు కట్టలు ఇచ్చాడు. విడివి రెండే ఉన్నాయి, ఏడు కావాలి. చేతిలో రెండు పుల్లలు పట్టుకుని ఆగిపోయాడు. ఆవిడ ఏమీ అనలేదు. నేనయితే ఈపాటికి చెప్పేసేదాన్ని, నోరు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. వాడు కట్టల వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, "విప్పొచ్చా?" అన్నాడు. "నీ కట్టే కదా" అంది. రబ్బరు బ్యాండు తీశాడు.

తర్వాతి వారం పుల్లల బదులు కాగితం మీద గీతలు, చుక్కలు. గీత అంటే పది, చుక్క అంటే ఒకటి. ఆపైన వారం వట్టి అంకెలు, పక్కన గీతలకి కాస్త చోటు. చేత్తో చేయడం, బొమ్మ గీయడం, చివరికి గుర్తులతో రాయడం. మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో చెప్పిన క్రమమే. కొత్తదేం కాదు. నేనూ పుల్లలు వాడాను, కాకపోతే ఒక్కరోజు చూపించి బీరువాలో పెట్టేశాను. పుల్లల నుంచి అంకెలకి ఒక్క గెంతులో దూకించేశాను. మధ్యలో ఉన్న గీతలూ చుక్కలే అసలు వంతెన అని అప్పుడు తెలిసింది.

చదివే గుంపులో ముగ్గురికీ ప్రతి శుక్రవారం ఒక్క నిమిషం పరీక్ష. ముందు చూడని పేరా ఒకటి పైకి చదవాలి, నిమిషంలో ఎన్ని మాటలు తప్పులేకుండా చదివారో లెక్కపెట్టి గ్రాఫులో చుక్క పెడతారు. ఇది మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డినో బృందం తయారుచేసిన పద్ధతి. ఇంత చిన్న పరీక్షతో ఏం తెలుస్తుందిలే అనుకున్నాను, తప్పు నాదే. మూడు నెలలకోసారి పెట్టే యూనిట్ టెస్టు కంటే ఈ నిమిషమే ఎక్కువ చెప్పింది, ఎందుకంటే ఇది ప్రతివారం చెప్తుంది. కిటికీ పక్కన కూర్చునే పాప మొదటి వారం 19 మాటలు చదివింది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. అదే పేరాని మూడు నాలుగుసార్లు చదివించే అభ్యాసం రోజూ చేయించారు. పన్నెండో వారానికి 41. మధ్యలో ఏడో వారం కిందికి జారింది. ఎందుకో కింద చెప్తాను.

ఇంతవరకూ చదివి, మరి మూడున్నరే ఎందుకిచ్చావు అనుకుంటారు. ఐదోవారం వినండి.

గుంపు టైము ఎవరు నిర్ణయించారో గానీ, సరిగ్గా నా లెక్కల పీరియడ్ మధ్యలో పెట్టారు. నేను క్లాసులో రెండంకెల గుణకారం మొదలుపెట్టాను. ఆ నలుగురూ తీసివేతలు నేర్చుకోవడానికి లేచి వెళ్లిపోయేవాళ్లు. తిరిగొచ్చేసరికి బోర్డు మీద కొత్త లెక్క సగం అయిపోయి ఉండేది. పక్కవాడి నోట్‌బుక్కులోంచి చూసి ఎక్కించుకునేవాళ్లు. ఒక గుంట పూడ్చడానికి మట్టి కావాలని పక్కన ఇంకో గుంట తవ్వినట్టయింది. ఆఫీసులో చెప్తే డ్రాయింగ్ పీరియడ్‌కి మార్చారు. మూడో బెంచీ పిల్లాడు క్లాసులో అందరికంటే బాగా బొమ్మలు వేస్తాడు. వాడికి బడిలో వచ్చే ఒకే ఒక్క శభాష్ అక్కడే. మొదటిరోజు చిన్న గదికి వెళ్లాడు గానీ పుల్లలు ముట్టుకోలేదట. వాడిని తప్పుపట్టలేను.

చివరికి నేనూ ఆ అమ్మాయీ కూర్చుని తేల్చుకున్నాం. నా లెక్కల పీరియడ్‌లో మొదటి సగం కొత్త పాఠం, అప్పుడు ఎవరూ కదలకూడదు. రెండో సగంలో క్లాసంతా సొంతంగా లెక్కలు చేసుకుంటుంది, అప్పుడు ఆ నలుగురూ వెళ్తారు. చాలా చిన్న సర్దుబాటు. దీన్ని సంస్థ మొదటి రోజే అడగాలి. ఏ పీరియడ్‌లో తీసుకెళ్తారు, ఆ టైములో క్లాసులో ఏం పోతుంది అని. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

అంతకంటే పెద్ద తంటా మాటలది. చిన్న గదిలో ఆవిడ "కట్ట విప్పు" అంటుంది. క్లాసులో నేను పదిహేడేళ్లుగా "పక్క గడికెళ్లి అప్పు తెచ్చుకో" అంటున్నాను. రెండూ ఒకటేనని మాకు తెలుసు. పిల్లలకి తెలీదు. ఒకరోజు మా మూడో బెంచీవాడు బోర్డు దగ్గరికొచ్చి చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయాడు. "అప్పు తెచ్చుకోరా" అన్నాను. వాడు నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "టీచర్, అప్పు తెస్తే మళ్లీ ఇవ్వాలి కదా, ఎప్పుడిస్తాం?"

క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకంటే వాడి ప్రశ్నలో తప్పేం లేదు. ఆ అప్పు మనం ఎప్పుడూ తీర్చం. అసలది అప్పే కాదు. ఒక పదిని పది ఒకట్లుగా విప్పుకుంటున్నాం, అంతే. పదిహేడేళ్లలో నన్ను ఈ ప్రశ్న అడిగినవాడు వాడొక్కడే. మిగతావాళ్లు అర్థంకాకపోయినా సర్దుకుపోయి ఉంటారు. ఆ పదిహేను మందిలో మిగతావాళ్లంతా అలా సర్దుకుపోయినవాళ్లే.

ఆరోవారం నేను దిగొచ్చాను. క్లాసు మొత్తానికీ పుల్లల కట్టలు పంచి తీసివేత మళ్లీ మొదట్నుంచి చెప్పాను. అప్పు అనే మాట నా నోట్లోంచి తీసేశాను. చాలాసార్లు జారింది, పిల్లలే సరిచేశారు. వారం పట్టింది. సిలబస్ వెనకబడుతుందని టెన్షన్ పడ్డాను కూడా. వారం తర్వాత అదే రకం పరీక్ష పెడితే, చిన్న గదికి వెళ్లని పదకొండు మందిలో తొమ్మిదిమంది ఒక్క తప్పూ చేయలేదు. వాళ్లెవరూ ఆ సర్వీసు గడప తొక్కలేదు. ఆ నలుగురిలో కూడా ఇద్దరు సరిగ్గా ఆ వారమే తేరుకున్నారు. గదిలో విన్న మాటే క్లాసులోనూ వినిపించేసరికి అది పాఠమై కూర్చుంది.

ఇంకో రెండు అలవాట్లు ఆ గదిలోంచి దొంగిలించాను. మొదటిది నోరు మూసుకోవడం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, తెలీదనేవాళ్లు తగ్గుతారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో చూపించింది. నా పాఠం ఒకటి ఫోనులో రికార్డు చేసుకుని విన్నాను. ఒక్క సెకను కూడా లేదు. నా ప్రశ్నకి నేనే జవాబు చెప్పేసుకుని "అవునా కాదా?" అంటున్నాను, క్లాసంతా "అవునూ" అని సాగదీస్తోంది. వింటుంటే సిగ్గేసింది. రెండోది చిన్న తెల్లపలకలు. ప్రశ్న అడగ్గానే చెయ్యెత్తిన ముగ్గురి జవాబుతో సరిపెట్టకుండా, అందరూ పలక మీద రాసి ఒకేసారి పైకెత్తుతారు. ఎవరు ఎక్కడ జారారో అక్కడే కనిపిస్తుంది, ఎర్ర ఇంటూ దాకా ఆగనక్కర్లేదు.

ఏడోవారం ఆ ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి రావడం మానేసింది. వేరే చోటికి మార్చారని చెప్పారు. కొత్తావిడ వచ్చింది, చేతిలో ఏమీ లేదు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో రాసిన ఫైలు ఎక్కడుందో ఆవిడకి తెలీదు. మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది. గీతలూ చుక్కలూ దాటి అంకెలకొచ్చిన పిల్లల్ని మళ్లీ పుల్లల దగ్గర కూర్చోబెట్టింది. కిటికీ పక్క పాప గ్రాఫు జారింది ఆ వారమే. కొత్తగా వచ్చినావిడ ముందు పైకి చదవాలంటే గొంతు పెగల్లేదు. సంస్థకి ఫోను చేస్తే "మెటీరియల్ అంతా సేమ్ మేడం, ఎవరొచ్చినా తేడా ఉండదు" అన్నారు. ఇది వినగానే ఒక స్టారు అక్కడికక్కడే తీసేశాను. మెటీరియలే పిల్లల్ని నడిపిస్తుందనుకుంటే ఇక మనుషుల్ని పంపడం ఎందుకు, పుస్తకం కొరియర్ చేస్తే పోయేది.

రెండు గుంపుల్లోనూ ఉన్న పిల్లాడి విషయంలో ఇదే దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. వాడి చదువు గ్రాఫులో లక్ష్యం గీత కింద వరసగా నాలుగు చుక్కలు పడ్డాయి. నాలుగు చుక్కలు వరసగా గీత కింద పడితే చెప్పే పద్ధతి మార్చాలి. ఇది వాళ్ల మాన్యువల్‌లోనే ఉన్న నియమం, నేను కల్పించింది కాదు. గ్రాఫు పెట్టేదే అందుకు. కానీ ఆ నాలుగు చుక్కలు పడింది మనిషి మారే ముందు, చూడాల్సింది మారిన తర్వాత. తొమ్మిదోవారం దాకా ఎవరూ చూడలేదు. నేను కాగితం తీసుకెళ్లి చూపిస్తే, కొత్తావిడ మంచిదే, వెంటనే వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంది. వాడు మాట మొత్తం చూడడం లేదు, మొదటి అక్షరం చూసి ఊహించేస్తున్నాడు. 'పుట్టినరోజు' అని ఉంటే 'పుస్తకం' అని చదివి ముందుకు పోతున్నాడు. ఒత్తు కనపడితే మరీ భయం. అలాంటివాడితో అదే పేరా నాలుగుసార్లు చదివిస్తే ఏం లాభం, తప్పుని నాలుగుసార్లు చదువుతాడు. ఒత్తులున్న మాటల్ని విడగొట్టి, కలిపి చదివించడం మొదలుపెట్టాక మూడు వారాల్లో 24 నుంచి 33కి వచ్చాడు. ఆ పని ఆరోవారం మొదలైతే ఎంతకొచ్చేవాడో.

చదివే గుంపులో మూడో పిల్లది వేరే కథ. 38 నుంచి 63కి వెళ్లింది. రిపోర్టులో ఆకుపచ్చ రంగు, 'లక్ష్యం చేరింది, గుంపు నుంచి విడుదల' అని స్టాంపు. నేను ఆ అమ్మాయిని పిలిచి, ఇప్పుడు చదివిన కథలో కుక్కపిల్ల ఎందుకు దాక్కుంది అని అడిగాను. గలగలా చదివిన పిల్ల బిక్కమొహం వేసింది. మళ్లీ చూసి చెప్పమంటే, కుక్కపిల్ల అన్న మాట ఉన్న వాక్యం వెతికి పైకి చదివి వినిపించింది. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల్ని మాటగా పలకగలగడం, ఆ భాష అర్థం కావడం, ఈ రెండిటి గుణకారం. కూడిక కాదు, గుణకారం. అంటే ఒకటి సున్నా అయితే రెండోది ఎంతున్నా సున్నాయే. ఈ పిల్లకి మొదటిది పెరిగింది, రెండోదాన్ని ఎవరూ కొలవలేదు. నిమిషం పరీక్ష మంచిదని పైన పొగిడాను, ఇప్పటికీ అదే మాట. కానీ జ్వరం తగ్గిందని థర్మామీటరు చెప్తే రోగం తగ్గిందని కాదు. విడుదల మీద నేను సంతకం పెట్టలేదు.

యాప్ గురించి కూడా రాయాలేమో. విడిగా డబ్బు తీసుకుంటారు. పిల్లలు నాలుగు జవాబుల్నీ వరసగా నొక్కుకుంటూ పోతారు, ఆకుపచ్చ వెలిగితే తర్వాతిది. తీసుకోకండి.

పిల్లలకి సిగ్గుగా ఉండదా అని మా స్టాఫ్ రూములో చాలామంది అడిగారు. మొదటి రెండు వారాలూ ఉండింది. వీళ్లు లేవగానే వెనక బెంచీల్లోంచి ఒక నవ్వు వచ్చేది. నేను చేసిందల్లా, ఆ గదికి అప్పుడప్పుడు వేరే పిల్లల్ని కూడా పంపడం. బాగా వచ్చినవాళ్లని కష్టమైన లెక్కలకోసం వారానికోసారి పంపాను. ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకుంది, సంస్థకి చెప్పలేదు. తర్వాత "ఇవ్వాళ మేం వెళ్లొద్దా టీచర్" అని వాళ్లే అడిగేవాళ్లు.

ఎవరికి తీసుకోమని చెప్తాను? క్లాస్ టీచరు కూడా ఆ చిన్న గదిలో వెనక కూర్చోగలిగే బడికి. మాకు పనికొచ్చిన అసలు సర్వీసు కాంట్రాక్టులో లేనేలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఓ పది నిమిషాలు నేనూ ఇన్‌స్ట్రక్టరూ కలిసి, ఈ వారం ఏ మాట వాడాం, వచ్చేవారం నేను ఏ పాఠం చెప్తున్నాను, దానికి ఈ నలుగురికి ముందుగా ఏం తెలియాలి అని మాట్లాడుకున్నాం, అంతే. అది మొదలయ్యాకే చుక్కలు పైకి లేచాయి. ఆ పది నిమిషాలు కుదరదనుకుంటే, పిల్లల్ని ఆ గదికి పంపి చేతులు దులుపుకుందామనుకుంటే, డబ్బు దండగ. సంతకం పెట్టేముందు, మనిషి మారితే ఫైలు ఎవరిస్తారో రాయించుకోండి. గ్రాఫు ప్రతివారం క్లాస్ టీచరుకి చూపించాలని రాయించుకోండి. నలుగురి కంటే ఎక్కువమందిని ఒక గుంపులో కుక్కబోమని కాగితంలో ఉందో లేదో చూసుకోండి. మాకు ఐదో పిల్లవాణ్ని కలపబోయారు, నేను ఒప్పుకోలేదు.

లెక్కల గుంపులో నలుగురిలో ముగ్గురికి ఇప్పుడు తీసివేత వచ్చినట్టే. నాలుగోవాడు, ఆ రెండు గుంపుల పిల్లాడు, రెండంకెల్లో బాగానే చేస్తాడు, మూడంకెలొస్తే తడబడతాడు. వాడికి ఇంకా సాయం కావాలి, విడిగా, ఒక్కడికే.

మూడో బెంచీవాడికి పోయినవారం 305లోంచి 148 తీయమని ఇచ్చాను. మధ్యలో సున్నా, పెద్దవాళ్లే తడబడే లెక్క. పలక మూలన పెద్ద చతురస్రాలు మూడు గీశాడు. ఒకదాన్ని కొట్టేసి పది గీతలు వేశాడు. అందులో ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టాడు. వేలితో చెరిపేసి 157 అని రాశాడు. "ఏంట్రా, అప్పు తీర్చావా?" అన్నాను. "అప్పు కాదు టీచర్, విప్పాను" అన్నాడు.

రెన్యువల్ ఫారం ఆఫీసు నుంచి నా దగ్గరికి వచ్చింది. మొదటి ఇన్‌స్ట్రక్టర్నే పంపాలని, శుక్రవారం పది నిమిషాల్ని కాంట్రాక్టులో చేర్చాలని, కథ చదివిన పిల్లకి అర్థం మీద పనిచేసే వేరే పాఠాలు ఇవ్వాలని కింద ఖాళీలో రాసి పంపాను. వారమైంది, ఇంకా జవాబు రాలేదు.